నలుగురు కలిసి ఆడే ఆర్కేడ్ మెషిన్ ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవాలి

తొంభైల్లో మన ఊళ్ళలో వీడియో గేమ్ పార్లర్ల చుట్టూ తిరిగినవాళ్ళకి ‘ముస్తఫా గేమ్’ గురించి చెప్పక్కర్లేదు. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అది. ముగ్గురు ఒకేసారి ఆడగలిగే గేమ్. కానీ రెండు స్టిక్కులే ఉన్న మెషిన్ మీద ఆడితే మూడోవాడు పక్కన నిలబడి సలహాలు ఇవ్వాల్సిందే. ఇంట్లో సొంతంగా అలాంటి ఆర్కేడ్ మెషిన్ చేసుకుంటున్నప్పుడు ఆ మూడోవాడికీ, ఇంకొకరికీ చోటు పెట్టుకోవచ్చు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఆలోచన మాత్రం చాలా పెరుగుతుంది.

సాధారణంగా అందరూ స్క్రీన్ ఎన్ని అంగుళాలు, లోపల ఏ కంప్యూటర్ అని మొదలుపెడతారు. ఇద్దరికైతే అలా చేసినా గడిచిపోతుంది. నలుగురికైతే కొలతలు ఆడేవాళ్ళ భుజాల దగ్గర మొదలవ్వాలి. స్టిక్కులు, బటన్లు ఉండే కంట్రోల్ ప్యానెల్ ముందు తేల్చుకోండి. కేబినెట్ దాన్ని మోసే పెట్టె మాత్రమే.

ముందు గేముల జాబితా

ఎంతమందికి, ఎన్ని బటన్లు అన్నది మీరు ఆడబోయే గేములే చెబుతాయి. కాగితం తీసుకుని పది పదిహేను గేముల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన ఎంతమంది ఆడొచ్చు, ఎన్ని బటన్లు కావాలి అని వేసుకోండి. ముస్తఫాకి ముగ్గురు, రెండు బటన్లు. కొనామీ వాళ్ళ ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ (1989), ‘ది సింప్సన్స్’ (1991) నలుగురికి, రెండేసి బటన్లు. ‘ఎన్‌బీఏ జామ్’ (1993) నలుగురికి, మూడు బటన్లు. ‘మెటల్ స్లగ్’ (1996) ఇద్దరికి. అది నియో జియో అనే ఆర్కేడ్ మెషిన్ గేమ్, ఆ మెషిన్ లెక్క ప్రకారం నాలుగు బటన్లు ఉంచుకోవాలి. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ (1991) ఇద్దరిదే అయినా ఆరు బటన్లు అడుగుతుంది.

జాబితా పూర్తయ్యాక ఒకసారి చూడండి. ఆరు బటన్లు కావాల్సినవి దాదాపు అన్నీ ఇద్దరు తలపడే ఫైటింగ్ గేములే. నలుగురి గేములు రెండు మూడు బటన్లతో సరిపెట్టుకుంటాయి. అంటే మధ్యలో నిలబడే ఇద్దరికీ ఆరేసి బటన్లు, పక్కల నిలబడే ఇద్దరికీ నాలుగేసి చాలు. అందరికీ ఆరేసి పెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది, ప్యానెల్ మాత్రం గది సగం ఆక్రమిస్తుంది.

ఈ దశలోనే ట్రాక్‌బాల్ (అరచేత్తో దొర్లించే బంతి), స్టీరింగ్, గన్ లాంటి కోరికలు పుడతాయి. నలుగురి ప్యానెల్ మీద వాటికి చోటు లేదు, పెట్టకండి. ఆరుగురికి చేద్దామన్న ఆలోచన కూడా కొందరికి వస్తుంది. 1992లో వచ్చిన ‘ఎక్స్-మెన్’కి ఆరుగురు ఆడే పెద్ద మెషిన్ ఉండేది, అందులో రెండు స్క్రీన్లు పక్కపక్కన కలిసి ఒకే దృశ్యంగా కనిపించేవి. అది షాపింగ్ మాల్‌కి పనికొస్తుంది, టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి కాదు.

అట్టముక్క మీద నలుగురిని నిలబెట్టండి

చెక్క కొనేముందు ఫ్రిజ్ డబ్బాలాంటి పెద్ద అట్ట ఒకటి సంపాదించండి. 115 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల లోతు ముక్క కోసి, నేల నుంచి 92 సెంటీమీటర్ల ఎత్తులో ఏదైనా టేబుల్ మీద పెట్టండి. వంటగది గట్టు ఎత్తు దాదాపు సరిపోతుంది కాబట్టి గట్టు అంచు మీద పెట్టి చూసినా పర్లేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్న నలుగురినీ పిలిచి ఆడుతున్నట్టు నిలబడమనండి. ఎడమ చేయి స్టిక్ మీద, కుడి చేయి బటన్ల మీద. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నట్టు మోచేతులు తగులుతూ ఉంటే కొలత మార్చాలి.

115 సెంటీమీటర్లలో నలుగురు పెద్దవాళ్ళు తిన్నగా వరుసలో పట్టరు. మధ్య ఇద్దరు స్క్రీన్‌కి ఎదురుగా నిలబడతారు, బయటి ఇద్దరు ప్యానెల్ మూలల దగ్గర ఒంటిని లోపలికి తిప్పి నిలబడతారు. అసలు ఆర్కేడ్ మెషిన్లలోనూ ఇదే పద్ధతి. మొదలుపెట్టడానికి ఈ దూరాలు పనికొస్తాయి: మధ్య ఇద్దరి స్టిక్కుల మధ్య 34 సెంటీమీటర్లు, బయటివాళ్ళ స్టిక్కు పక్కవాళ్ళ స్టిక్కు నుంచి 28. ఎడమ అంచు నుంచి మొదటి స్టిక్కుకి ఆరేడు సెంటీమీటర్లు ఉంచితే, కుడి చివర నాలుగోవాళ్ళ బటన్లకు తగినంత చోటు మిగులుతుంది. పక్కపక్క బటన్ల మధ్య బిందువు నుంచి మధ్య బిందువుకి 36 మిల్లీమీటర్లు. ప్యానెల్ ముందు అంచు నుంచి స్టిక్కు వరకు కనీసం 12 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మణికట్టు ఆనడానికి అదే ఆధారం. దాన్ని తగ్గిస్తే పది నిమిషాల్లో చేతులు లాగేస్తాయి.

బటన్లను అట్ట మీద గీసేటప్పుడు స్కేలుతో గీసినట్టు తిన్నగా కాకుండా, మీ చేతివేళ్ళు సహజంగా ఎక్కడ పడతాయో అక్కడ చుక్కలు పెట్టండి. చూపుడు వేలి బటన్ కాస్త కిందికి, మధ్య వేలిది పైకి వస్తుంది. ఇంట్లో పిల్లలు ఉంటే ఎత్తు తగ్గించకండి, వాళ్ళకో పీట వేయండి. పిల్లలు ఎదుగుతారు, మెషిన్ ఎదగదు.

ఎవరు ఎక్కడ నిలబడాలి

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆట తెరమీద ఆటగాళ్ళ స్కోర్లు ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా ఉంటాయి. ఆ వరుసలోనే ప్యానెల్ మీద కూడా పెడితే ఎవరి స్కోరు వాళ్ళకి ఎదురుగా ఉంటుంది. కానీ ఇంట్లో ఎక్కువసార్లు ఆడేది ఇద్దరే. అప్పుడు వాళ్ళిద్దరూ ఎడమవైపుకి ఇరుక్కుని నిలబడాలి, కుడివైపు సగం ప్యానెల్ ఊరికే ఉంటుంది. అందుకని మూడు, ఒకటి, రెండు, నాలుగు అనే వరుస మేలు. ఒకటి, రెండు నంబర్లు మధ్యలో ఉంటాయి. మూడోవాళ్ళ స్కోరు కుడివైపు కనిపిస్తుంటే వాళ్ళు నిలబడేది ఎడమ చివర అన్న తికమక రంగులతో పోతుంది. 1985 నాటి అటారీ గేమ్ ‘గాంట్లెట్’లో నలుగురికీ ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అని రంగులిచ్చారు. అదే వరుసలో బటన్లు కొనుక్కుంటే ‘నువ్వు పచ్చ, నేను ఎరుపు’ అని ఇంట్లో వాళ్ళే సర్దుకుంటారు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. బయటివాళ్ళు ఒంటిని తిప్పి నిలబడతారు కదా అని వాళ్ళ స్టిక్కులను కూడా అదే కోణంలో తిప్పి బిగించకూడదు. స్టిక్కును ఎటు తోస్తే అడుగున ఉండే నాలుగు స్విచ్‌లలో ‘పైకి’ స్విచ్ నొక్కుకుంటుందో, ఆటకి అదే ‘పైకి’. స్టిక్కును ముప్పై డిగ్రీలు తిప్పి బిగిస్తే, ఆడేవాళ్ళు స్క్రీన్ వైపు తోసిన ప్రతిసారీ బొమ్మ మూలకి పోతుంది. కళ్ళు చూసేది స్క్రీన్‌ని కాబట్టి చెయ్యి కూడా స్క్రీన్‌నే లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి నాలుగు స్టిక్కుల ప్లేట్లూ స్క్రీన్‌కి సమాంతరంగా బిగించండి. కోణం ఇవ్వాలనుకుంటే బటన్ల వరుసకి మాత్రం ఇవ్వండి. వాటికి దిక్కుతో పనిలేదు.

ఏమేం కొనాలి

స్టిక్కులు నాలుగు, పెద్ద బటన్లు ఇరవై, స్టార్ట్ బటన్లు నాలుగు, కాయిన్ బటన్లు (నాణెం వేసినట్టు ఆటకి చెప్పేవి) నాలుగు. ఇంకో నాలుగైదు బటన్లు స్పేర్‌గా. స్టిక్కు నాలుగు దిక్కులకు నాలుగు స్విచ్‌లు కాబట్టి మొత్తం 44 కనెక్షన్లు. ఈ లెక్క ముందే ఉంటే వైరు, వైరు చివర తొడిగే కొక్కేలు ఎన్ని కావాలో తెలుస్తుంది.

బటన్లలో రెండు రకాలు. జపాన్ పద్ధతివి 30 మిల్లీమీటర్లవి, పక్కల క్లిప్పులతో టక్కున కూర్చుంటాయి. పలుచని అక్రిలిక్‌కి, రేకుకి అవి బాగుంటాయి. మందపాటి చెక్కలో ఆ క్లిప్పులు పట్టవు. అమెరికా పద్ధతివి సుమారు 28 మిల్లీమీటర్ల రంధ్రంలో కూర్చుని, కింద నుంచి నట్టుతో బిగుస్తాయి, చెక్కకి ఇవే నయం. ఏది కొన్నా సరే, బటన్లు చేతికొచ్చి, వెర్నియర్‌తో కొలిచాకే డ్రిల్ పట్టుకోండి. సైటులో రాసిన కొలతని నమ్మి చెక్కకి రంధ్రాలు పెట్టేసినవాళ్ళు కొత్త చెక్క కొనుక్కుంటారు.

బటన్లను కంప్యూటర్‌కి కలిపే బోర్డును ఎన్‌కోడర్ అంటారు. మన ఆన్‌లైన్ షాపుల్లో ‘జీరో డిలే’ అనే పేరుతో సులువుగా దొరికే యూఎస్‌బీ బోర్డు ఒక్క ఆటగాడికి సరిపోతుంది. నలుగురికి నాలుగు కావాలి. వైర్లు దాంతోపాటే వస్తాయి, ప్లగ్ పెడితే చాలు. ఇబ్బంది ఏమిటంటే కంప్యూటర్‌కి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. పోర్టు మారితే, ఒక్కోసారి రీస్టార్ట్ చేసినా, ఎరుపు స్టిక్కు తోస్తే పచ్చ బొమ్మ కదులుతుంది. ప్రతి బోర్డు మీదా, దాని పోర్టు మీదా నంబరు అతికించి, ఆ పోర్టు ఇక మార్చకుండా ఉంటే చాలావరకు గొడవ ఉండదు. రెండో దారి, నలుగురి వైర్లూ ఒకే బోర్డుకి వచ్చే ‘ఐ-ప్యాక్ 4’ లాంటిది తెప్పించుకోవడం. బయటి దేశం నుంచి వస్తుంది కాబట్టి కస్టమ్స్ కలిపి ఖరీదే. కానీ అది కంప్యూటర్‌కి ఒక్క కీబోర్డులా కనిపిస్తుంది కాబట్టి ఆటగాళ్ళు తారుమారయ్యే ప్రశ్నే రాదు. నలుగురి మెషిన్‌కి నా ఓటు దీనికే.

పాత కీబోర్డు విప్పి దాని బోర్డుకి వైర్లు అతికించే చిట్కా చాలామంది చెబుతారు. ఒక్కరికైతే నడుస్తుంది. మామూలు కీబోర్డులో ఒకేసారి ఎక్కువ కీలు నొక్కితే కొన్ని నమోదు కావు. నలుగురు ఒకేసారి స్టిక్కు మూలకి తోసి రెండేసి బటన్లు నొక్కితే పదహారు కీలు అవుతాయి. ఆ దారి వదిలేయండి.

స్క్రీన్‌కి 32 అంగుళాల టీవీ సరిపోతుంది. పాత గేములు ఎక్కువగా నాలుగుకి మూడు నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి వెడల్పు టీవీలో రెండు పక్కలా నల్లగా వదిలేయాలి. 32 అంగుళాల టీవీలో ఆట కనిపించే భాగం సుమారు 26 అంగుళాలు. పెద్ద ఆర్కేడ్ మెషిన్లలో వాడిన 25 అంగుళాల మానిటర్‌కి ఇది దగ్గరే. దయచేసి బొమ్మను సాగదీసి టీవీ నిండా నింపకండి, అందరూ లావుగా కనిపిస్తారు. షాపులో మూడు విషయాలు చూడండి. పక్క నుంచి చూసినా రంగులు మారకూడదు. ఐపీఎస్ రకం స్క్రీన్ అయితే మంచిది, ఎందుకంటే మీ ఇద్దరు ఆటగాళ్ళు పక్క నుంచే చూస్తారు. గేమ్ మోడ్ ఉండాలి, లేకపోతే నొక్కిన క్షణం తర్వాత బొమ్మ ఎగురుతుంది. సాకెట్ దగ్గర స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే టీవీ దానంతటదే వెలగాలి. కొన్ని స్టాండ్‌బైలో ఉండిపోతాయి, అప్పుడు ప్రతిసారీ రిమోట్ వెతుక్కోవాలి.

కంప్యూటర్ గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోకండి. ఇంట్లో మూలన పడున్న పాత డెస్క్‌టాప్ ఉంటే తొంభైల గేములకి అది ఎక్కువే. లేదంటే రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు తీసుకోండి, దానితో పాటు 3 ఆంపియర్ల అసలు అడాప్టర్, చిన్న ఫ్యాన్ కొనండి. ఫోన్ ఛార్జర్‌తో నడిపితే మధ్యలో ఆగిపోయి సతాయిస్తుంది.

చెక్క, కోతలు

ఎండీఎఫ్ (చెక్క పొడిని నొక్కి చేసిన షీట్) చవక, నునుపు, కోయడం తేలిక. కానీ నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. తడిగుడ్డతో రోజూ నేల తుడిచే ఇంట్లో అడుగు భాగం ఏడాదిలో పువ్వులా విచ్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి తేమే చాలు. తేమ తట్టుకునే బీడబ్ల్యూఆర్ గ్రేడ్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది కొనండి, చెదల మందు పట్టించిందా లేదా అడగండి. ఎనిమిది బై నాలుగు అడుగుల షీట్లు రెండు, ప్యానెల్ కోసం 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సగం షీట్ సరిపోతుంది.

కేబినెట్ ఎత్తు 170 సెంటీమీటర్లు, వెడల్పు 80, లోతు 60 పెట్టుకోండి. లోతు 60 ఎందుకంటే షీట్ వెడల్పు 122 సెంటీమీటర్లు. రంపం తినే మిల్లీమీటర్లు పోగా రెండు పక్క చెక్కలూ పక్కపక్కనే ఒకే షీట్‌లో వచ్చేస్తాయి. 65 అనుకుంటే అలా పక్కపక్కన పట్టవు. పక్క చెక్క ఆకారం ఇలా: కింద 82 సెంటీమీటర్ల ఎత్తు వరకు పూర్తి 60 లోతు, అక్కడి నుంచి పైకి 38 లోతు. మధ్యలో ఏర్పడే 22 సెంటీమీటర్ల మెట్టు మీద ప్యానెల్ పెట్టె కూర్చుంటుంది, మిగతా 18 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. టీవీని పదిహేను డిగ్రీలు వెనక్కి వాల్చండి. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం తెరమీద పడితే వాలు తగ్గించండి.

కోతల దగ్గర ఒక మాట. మీ దగ్గర జిగ్ సా ఉన్నా, పొడవాటి తిన్నని కోతలు ప్లైవుడ్ షాపు దగ్గరి కటింగ్ మెషిన్ మీద చేయించుకోండి. కార్పెంటర్‌కి ‘ఆర్కేడ్ మెషిన్’ అంటే అర్థం కాకపోవచ్చు. ‘అన్నా, ఏటీఎం లాంటి డబ్బా, ముందు బల్ల ఉంటుంది’ అని అట్ట నమూనా చూపిస్తే క్షణంలో పట్టేస్తాడు. వంపు కోతలు, ఇసుకకాగితం పని మాత్రం మీరే చేసుకోవచ్చు.

ప్యానెల్‌ను కేబినెట్‌కి శాశ్వతంగా అతికించకండి. 115 సెంటీమీటర్ల ప్యానెల్ బిగించిన మెషిన్ బెడ్‌రూమ్ తలుపులోంచి పట్టడం కష్టం, లిఫ్ట్‌లో ఇంకా కష్టం. పది సెంటీమీటర్ల ఎత్తున్న విడి పెట్టెలా చేసి, నాలుగు ఎమ్8 బోల్టులతో కింది మెట్టుకి బిగించండి. ఎన్‌కోడర్ బోర్డు ఆ పెట్టెలోనే పెట్టండి. అప్పుడు ప్యానెల్‌కి, కేబినెట్‌కి మధ్య ఒక్క యూఎస్‌బీ కేబుల్ ఉంటుంది. ఇల్లు మారేరోజు దీని విలువ తెలుస్తుంది. నాలుగు విడి బోర్డులు వాడితే ఒక యూఎస్‌బీ హబ్ కూడా పెట్టెలోకి తోయండి.

పైచెక్క 12 మిల్లీమీటర్లే ఎందుకంటే, 18 మిల్లీమీటర్ల చెక్క కింద స్టిక్కు బిగిస్తే పైకి వచ్చే రాడ్ పొట్టిదైపోయి చేతికి సరిగ్గా అందదు. కానీ 12 మిల్లీమీటర్ల చెక్క అంత వెడల్పులో నలుగురి చేతుల బరువుకి వంగుతుంది. ఆటగాడికీ ఆటగాడికీ మధ్యలో అడుగున ఒక చెక్క రీపరు నిలువుగా ఫెవికాల్, స్క్రూలతో బిగిస్తే బల్లలా గట్టిగా ఉంటుంది. రీపర్లు వేసేముందు స్టిక్కు ప్లేట్లకి, వైర్లకి అడ్డం రావట్లేదని చూసుకోండి.

రంధ్రాలు

నమూనా అట్టను చెక్క మీద టేపుతో అతికించి, ప్రతి చుక్క దగ్గరా మేకుతో గుచ్చి గుర్తు పెట్టండి. తర్వాత అన్నిటికీ ముందు 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం. ఆ పైన ఫార్స్ట్‌నర్ బిట్‌తో (పెద్ద రంధ్రాలు నునుపుగా తొలిచే డ్రిల్ బిట్) పై వైపు నుంచి సగం, తిరగేసి కింది నుంచి మిగతా సగం. ఒకేవైపు నుంచి పూర్తిగా దింపితే అవతలి పొర చీలి ముక్కలు లేస్తుంది. గుండ్రటి రంపంలా ఉండే హోల్ సా చవకే, అది కూడా పని చేస్తుంది, అంచులు మాత్రం ఇసుకకాగితంతో ఎక్కువసేపు రుద్దాలి. స్టిక్కు రాడ్ కోసం 28 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, రాడ్ మీద వచ్చే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ దాన్ని కప్పేస్తుంది.

పైన రంగుల స్టిక్కర్, దాని మీద 2 మిల్లీమీటర్ల పారదర్శక అక్రిలిక్ వేస్తే చెమట చేతుల మరకలు చెక్కకి పట్టవు. అక్రిలిక్‌కి మాత్రం మామూలు డ్రిల్ బిట్ పెట్టకండి, పగుళ్ళు పోతుంది. నేమ్‌బోర్డులు చేసే షాపులో లేజర్ కటింగ్ ఉంటే మీ చెక్క తీసుకెళ్ళి అవే రంధ్రాలు కోయించుకోండి. స్టిక్కర్, పైన వెలిగే బోర్డు ఫ్లెక్సీ షాపులోనే అయిపోతాయి. పైబోర్డుకి 3 మిల్లీమీటర్ల పాల రంగు అక్రిలిక్ మీద బ్యాక్‌లిట్ ప్రింట్ అతికించి, వెనక ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టమంటే వాళ్ళకే తెలుసు. రాజకీయ నాయకుల బ్యానర్ల మధ్య మీ కాలనీ పేరుతో గేమ్ బోర్డు ప్రింటవుతుంటే షాపువాళ్ళు నాలుగు ప్రశ్నలు అడుగుతారు, ఓపిక పట్టండి. పక్కలకి మ్యాట్ సన్‌మైకా వేయండి. గ్లాసీ అయితే వేలిముద్రలు.

వైరింగ్

ప్రతి బటన్ అడుగున ఒక మైక్రోస్విచ్ ఉంటుంది. మూడు కాళ్ళున్నదైతే వాటి పక్కన చిన్న అక్షరాల్లో కామన్, ఎన్ఓ (నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది) అని ఉంటుంది. మనకి కావాల్సినవి కామన్, ఎన్ఓ. పొరపాటున ఎన్‌సీకి కలిపితే ఆ బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే కంప్యూటర్ అనుకుంటుంది, ఆట మొదలవగానే బొమ్మ ఆగకుండా గుద్దుతూ ఉంటుంది. ఆ లక్షణం కనిపిస్తే వెంటనే ఈ కాలు చూడండి.

ఒకే బోర్డు వాడుతుంటే గ్రౌండ్ వైరు అన్నిటికీ ఉమ్మడి. నల్ల వైరు ఒకటి తీసుకుని ఒక స్విచ్ కామన్ కాలు నుంచి పక్కదానికి, అక్కడి నుంచి ఇంకోదానికి గొలుసులా తీసుకెళ్ళండి. ఒక్కో ఆటగాడికి ఒక్కో గొలుసు పెట్టండి. ఎక్కడైనా ఊడితే ఆ ఒక్కరి బటన్లే ఆగుతాయి, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఎన్ఓ కాలు నుంచి బోర్డుకి వెళ్ళే సంకేతం వైర్లకి ఆటగాడి రంగే వాడండి, ఎరుపు బటన్లకి ఎరుపు వైరు. సోల్డరింగ్ వద్దు. స్విచ్ కాలికి సరిపడే స్పేడ్ కొక్కేలు వైరు చివర నొక్కి బిగించి (క్రింప్ చేసి) తొడగండి, రేపు స్విచ్ మార్చాలంటే లాగి పెట్టడమే. కాళ్ళ వెడల్పు రెండు రకాలు ఉంటుంది, 2.8, 4.8 మిల్లీమీటర్లు, కొక్కేలు కొనేముందు కొలవండి.

అన్నీ కలిపాక మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కో బటన్ నొక్కి చూడండి. నొక్కితే బీప్, వదిలితే నిశ్శబ్దం. 44 సార్లు విసుగే, కానీ పెట్టె మూసేశాక వెతకడం కంటే సులువు.

ఆట నుంచి బయటికొచ్చే ఎగ్జిట్ బటన్‌ను ప్యానెల్ పైన ఎవరికీ అందేలా పెట్టకండి. ఓడిపోతున్నవాళ్ళ చెయ్యి దాని మీదే పడుతుంది. పెట్టె అడుగున చాటుగా పెట్టండి.

కరెంటు సంగతి

230 వోల్టుల పని రానివాళ్ళు దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మంచి స్పైక్ బస్టర్ ఒకటి కేబినెట్ లోపల బిగించి, టీవీ, కంప్యూటర్, స్పీకర్లు, ఎల్ఈడీ అడాప్టర్ అన్నీ దానికే పెట్టండి. దాని వైరు వెనక నుంచి బయటికి తీసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టండి. వెనక తలుపుకి పైనా కిందా గాలి రంధ్రాలు పెట్టి, వాటికి దోమల జాలీ వేయండి. వెచ్చటి చీకటి పెట్టె కనిపిస్తే బల్లులు అద్దె లేకుండా దిగిపోతాయి.

కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు మెమరీ కార్డు మీది సిస్టమ్ పాడవడం రాస్‌ప్‌బెర్రీ పై బోర్డుల్లో మామూలే. ఇన్వర్టర్ లైనులో పెట్టగలిగితే మంచిది. ఎలాగైనా అన్నీ సెట్ చేశాక కార్డుకి పూర్తి కాపీ ఒకటి తీసి దాచుకోండి.

సాఫ్ట్‌వేర్, గేములు

బాటోసెరా అనే ఉచిత సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ మీద రాసి, పాత పీసీని దాంతో స్టార్ట్ చేస్తే నేరుగా గేముల మెనూ వస్తుంది. హార్డ్ డిస్క్‌ను తాకదు. రాస్‌ప్‌బెర్రీ పై బోర్డుకి కూడా దాని వెర్షన్ ఉంది. లోపల ఆర్కేడ్ గేములను నడిపేది ‘మేమ్’ అనే ఎమ్యులేటర్, అంటే పాత మెషిన్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఎందరో కలిసి నడిపిస్తున్నారు.

ఎమ్యులేటర్ చట్టబద్ధమే. గేముల రోమ్ (ROM) ఫైళ్ళు, అంటే అసలు గేముల కాపీలు మాత్రం వాటి కంపెనీల సొత్తు, ఊరికే దొరికినంత మాత్రాన మనవి కావు. పాత పీసీలో విండోస్ పెట్టుకుంటే కొనుక్కుని ఆడే దారులున్నాయి. క్యాప్‌కామ్ 2018లో తెచ్చిన బీట్ ఎమ్ అప్ బండిల్‌లో ‘ఫైనల్ ఫైట్’, నలుగురు ఆడే ‘కెప్టెన్ కమాండో’ ఉన్నాయి. టర్టిల్స్ పాత గేములు 2022లో ‘కవాబంగా కలెక్షన్’గా వచ్చాయి.

మేమ్‌లో నలుగురి గేమ్ పెట్టాక మూడో, నాలుగో స్టిక్కు కదలకపోతే వైర్లు విప్పే ముందు గేమ్ పేరు చూడండి. టర్టిల్స్, సింప్సన్స్ లాంటివి అప్పట్లోనే ఇద్దరి బోర్డుగా, నలుగురి బోర్డుగా విడివిడిగా వచ్చాయి. ఇద్దరు ఆటగాళ్ళ వెర్షన్ తెరిస్తే మిగతా ఇద్దరూ ఎంత నొక్కినా ప్రయోజనం లేదు. పేరు పక్కన ‘4 ప్లేయర్స్’ అని ఉన్నది ఎంచుకోండి. తర్వాత ట్యాబ్ కీ నొక్కి మేమ్ మెనూలో ఒక్కో ఆటగాడి బటన్లు, కాయిన్, స్టార్ట్ సెట్ చేసుకోండి. కొన్ని గేముల్లో ఉమ్మడిగా ఒకే చోట కాయిన్ వేయాలి, కొన్నిట్లో ఎవరి కాయిన్ వాళ్ళకే. నలుగురికీ విడి కాయిన్ బటన్లు పెట్టింది ఇందుకే.

చివరి బిగింపులు

కేబినెట్ అడుగున ముందువైపు రబ్బరు కాళ్ళు, వెనక రెండు చక్రాలు పెట్టండి. ఎత్తి వెనక్కి వాలిస్తే దొర్లుతుంది, నిలబెడితే కదలదు. ప్యానెల్ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి నలుగురు దాని మీద ఆనితే పెట్టె ముందుకి ఒరుగుతుంది. లోపల అడుగు చెక్క మీద వెనకగా ఒక ఇసుక మూట వేసి, పైభాగాన్ని ఎల్ బ్రాకెట్‌తో గోడకి పట్టించండి. చిన్నపిల్లలు స్టిక్కు పట్టుకుని వేలాడే ఇంట్లో ఈ బ్రాకెట్ తప్పనిసరి.

మొదటి వారం ఆడాక వెనక తలుపు తీసి ప్యానెల్ బోల్టులు, స్టిక్కు ప్లేట్ల స్క్రూలు మళ్ళీ ఒకసారి బిగించండి. కొత్త చెక్కలో అవి కొంచెం వదులవుతాయి. ఒక చిన్న డబ్బాలో నాలుగు స్పేర్ మైక్రోస్విచ్‌లు, స్క్రూ డ్రైవరు, ఏ రంగు వైరు ఎన్‌కోడర్‌లో ఎక్కడికి వెళ్ళిందో రాసిన కాగితం వేసి కేబినెట్ లోపలే పెట్టండి. అందరికంటే ముందు పోయేది ఒకటో నంబరు వాళ్ళ గుద్దే బటనే, అది మార్చడానికి రెండు నిమిషాలు చాలు.